తెలుగు బ్లాగులకు మీ గ్రంథాలయంలో చోటివ్వండి: గ్రంథాలయ శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పౌర గ్రంథాలయ శాఖల సంచాలకులకు, జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు,

నమస్కారం.

మేం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మీకు రావాలి. అది మీకు సమయానికి చేరదనీ, బకాయిలు పేరుకుపోతుంటాయనీ పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ గొడవ ఇప్పుడు ఎత్తను. ఆ 8 పైసలు కట్టేవాళ్లలో ఒకరిగా, ఒకప్పుడు తెలుగులో బ్లాగు రాసినవాళ్లలో ఒకరిగా మీకు ఒక అర్జీ పెట్టుకుంటున్నాను. 2005 ప్రాంతం నుంచి ఓ పదేళ్ల పాటు తెలుగువాళ్లు బ్లాగుల్లో రాసుకున్నదంతా కళ్లముందే మాయమైపోతోంది. దాన్ని సేకరించి, దాచి, చదవాలనుకున్నవాళ్లకు అందించే పని మీరు చేపట్టాలి.

ఈ మాట ఇదివరకే ఒకరిద్దరు గ్రంథాలయ ఉద్యోగుల దగ్గర కదిపి చూశాను. "బ్లాగులంటే యూట్యూబ్‌లో ఇల్లు, వంటగది చూపిస్తారే, అవేనా అండీ?" అన్నారు ఒకరు. ఇంకొకాయన నవ్వి, "అది టైంపాస్ కదండీ, దాన్ని లైబ్రరీలో పెట్టడమేంటి?" అన్నారు. వాళ్ల మీద నాకేం కోపం లేదు. చెప్పేవాళ్లు లేకపోతే ఎవరికి తెలుస్తుంది? అందుకే కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెడతాను.

బ్లాగంటే తేదీ వేసి రాసుకునే సొంత పేజీ. కొత్తది పైన ఉంటుంది, పాతవి కిందికి జరుగుతుంటాయి. ఒక్కో రచనని మేం టపా అనేవాళ్లం. ప్రతి టపాకీ విడిగా ఒక చిరునామా ఉంటుంది కాబట్టి 2007 మార్చిలో రాసినదానికి అప్పుడెవరో ఇచ్చిన లంకె నొక్కితే ఇవాళ కూడా అదే టపా తెరుచుకోవాలి. పక్కన నెలలవారీగా పాత టపాల పట్టిక, విషయాన్ని బట్టి వర్గాలు, కింద చదివినవాళ్ల వ్యాఖ్యలు. మీ వృత్తి మాటల్లో చెప్పాలంటే కేటలాగు తనతోపాటే తెచ్చుకునే రచన ఇది. ఫేస్‌బుక్‌లో నిరుడు మనం రాసింది మనకే ఒక పట్టాన దొరకదు.

1994లో జస్టిన్ హాల్ అనే అమెరికన్ విద్యార్థి తన సొంత సంగతులు వెబ్‌లో రాసి పెట్టడం మొదలుపెట్టాడు. వెబ్‌లాగ్ అన్న పేరు 1997 డిసెంబరులో జోర్న్ బార్గర్ పెట్టాడు. అప్పట్లో పేజీ పెట్టాలంటే హెచ్‌టీఎంఎల్ అనే వెబ్ పేజీల కోడు వచ్చి ఉండాలి. 1999 ఆగస్టులో బ్లాగర్ అనే సైటు వచ్చి ఆ బాధ తప్పించింది. ఒక పెట్టెలో టైపు చేసి పబ్లిష్ నొక్కడమే. 2003 ఫిబ్రవరిలో దాన్ని గూగుల్ కొనేసింది, అదే ఏడాది మేలో అలాంటిదే వర్డ్‌ప్రెస్ వచ్చింది. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా రాసుకోవచ్చు.

ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఇక్కడితో కష్టాలు తీరాయి. మనకు ఇక్కడే మొదలయ్యాయి. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే పద్ధతిలో సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటిచ్చారు గానీ మన ఇళ్లల్లో కంప్యూటర్లకు అది ఎక్కేసరికి పదేళ్లు దాటింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది. ఉంటే సరిపోదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్నచోట టిక్కు పెడితే, ఎక్స్‌పీ సీడీ పెట్టమని అడిగేది. గంటకు ఇంతని డబ్బిచ్చి కూర్చున్న నెట్ సెంటర్లో ఆ సీడీ ఎవరిస్తారు? అది లేకపోతే తెర నిండా డబ్బాలే, లేదంటే ఒత్తు ఒకచోట, గుడి ఇంకోచోట. పత్రికల వెబ్‌సైట్లేమో ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. ఒకరి ఫాంటులో ఉన్నది ఇంకోచోట అతికిస్తే అర్థంలేని గీతలు వచ్చేవి. ఆ గీతల్ని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్‌లో పనిచేసే పద్మ తయారుచేశారు. ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే రెండో పెట్టెలో తెలుగు పడే లేఖినిని వీవెన్ తయారుచేసి ఊరికే ఇచ్చేశారు. దీర్ఘం కావాలంటే పెద్దక్షరం, సున్నా కావాలంటే పెద్ద ఎం. ఆ లెక్క నా వేళ్లకు ఇప్పటికీ గుర్తుంది. ఆఫీసు మెయిల్లో కూడా మధ్యలో పెద్ద ఎం పడుతుంటుంది.

కూడలి, జల్లెడ, హారం, మాలిక అని కొన్ని పేజీలుండేవి. అన్ని బ్లాగుల్లో కొత్తగా పడిన టపాలు ఒకచోట కనబడేవి. పొద్దున్నే పేపరుకంటే ముందు కూడలి తెరిచేవాళ్లం. హైదరాబాదులో ఉన్నవాళ్లు ఆదివారాలు కృష్ణకాంత్ పార్కులో కలుసుకునేవాళ్లు. పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటర్లో తెలుగు ఎలా రాయాలో వచ్చేపోయేవాళ్లకు చూపించేవాళ్లు. ఎవరూ జీతమిచ్చి చేయించిన పని కాదది.

ఇంతకీ ఇంత కష్టపడి ఎందుకు రాసినట్టు?

డబ్బు కోసం మాత్రం కాదు. పేజీల్లో ప్రకటనలు పెట్టి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగును లెక్కలోకి తీసుకున్నదే 2018లో. నేను చెప్పే బ్లాగుల్లో చాలావాటికి అప్పటికే నూకలు చెల్లిపోయాయి. పేరు కోసమా అంటే, చాలామంది రాసింది మారుపేరుతో. అత్తగారికి తెలియకూడదని ఒకరు, ఆఫీసులో బాసుకు తెలియకూడదని ఒకరు, ఇంట్లోవాళ్లు నవ్వుతారని ఇంకొకరు.

అమెరికాలో హెచ్4 వీసా, అంటే అక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద ఉన్నవాళ్ల సంగతే తీసుకోండి. 2015 మే దాకా ఆ వీసా మీద ఎవరూ ఉద్యోగం చేయడానికి లేదు. ఇక్కడ ఎంసీఏనో ఇంజనీరింగో చదివి, సొంత జీతం తీసుకున్న అమ్మాయి పెళ్లి చేసుకుని అక్కడికి వెళ్తే, బయట మంచు, కారు నడపడం రాదు, భర్త ఆఫీసుకు వెళ్తే సాయంత్రం దాకా పలకరించే మనిషి లేదు. అమ్మకు ఫోన్ చేద్దామంటే ఇక్కడ నడిరాత్రి. అలాంటివాళ్లలో కొందరు బ్లాగులు తెరిచారు. క్రాన్‌బెర్రీలతో పప్పు, పుల్లటి పచ్చ యాపిల్ తురిమి మామిడికాయ పులిహోర, ఇవన్నీ వాళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నవే. వంట మధ్యలో అమ్మమ్మ ఇల్లు వస్తుంది, మేనత్త మీద చాడీ వస్తుంది, కాలేజీలో గోల్డ్ మెడల్ వచ్చి ఇప్పుడు గిన్నెలు తోముతున్నానన్న మాట చిన్న జోకులా వచ్చి పోతుంది. తెలుగువాళ్ల వలస మీద రేపెవరైనా పీహెచ్‌డీ చేయాలంటే ఇంతకు మించిన సరుకు ఎక్కడ దొరుకుతుంది?

రిటైరయిన తెలుగు మాస్టార్లు రోజుకొక పద్యం చొప్పున తాత్పర్యం రాశారు. ఇన్నాళ్లూ నలభై మంది పిల్లలకు చెప్పినాయన, ఇంట్లో వినేవాళ్లు లేక, ఎక్కడో మస్కట్‌లో ఉన్న ఇంజనీరుకు చెప్పుకున్నాడు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునే కుర్రాడు తను చదివిన నవల గురించి రాశాడు, రూమ్మేట్లకు ఆ ధ్యాస లేదు కాబట్టి. శ్రీకాకుళం వాళ్లు, చిత్తూరు వాళ్లు, పాలమూరు వాళ్లు తమ ఇంట్లో మాట్లాడుకునే తీరులోనే రాసుకున్నారు. పత్రికకు పంపి ఉంటే సబ్ ఎడిటర్ దాన్ని దిద్ది చదును చేసేవాడు.

నా మటుకు నాకు ఇంత పెద్ద కారణాలేం లేవు. రాత్రి టపా వేసి పడుకుని, పొద్దున్నే పళ్లు తోముకోకుండానే వ్యాఖ్యలేమైనా వచ్చాయా అని చూసుకోవడం. మూడు కనబడితే ఆ రోజు మేనేజరు ఏమన్నా పట్టేది కాదు. ముఖపరిచయం లేని మనిషి నా వాక్యాన్ని ఎత్తి చూపి "ఇది బాగుంది" అనడంలో ఉన్న సుఖం ఇంక్రిమెంట్‌లో కూడా లేదు. నిజం చెప్పాలంటే చాలామంది రాసింది ఇందుకే. ఒప్పుకోరంతే.

మా పెదనాన్నగారి బ్లాగు గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి. ఆయన కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గరలోని ఒక ఊళ్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. తెల్లకాగితాల మీద రాసి ఇస్తే నేను టైపు చేసి పెట్టేవాణ్ణి. పొలాలకుండే పేర్లు, ఏ కాలవకు ఏ లాకు, ఎవరింట్లో మొదట రేడియో వచ్చింది, ఇలాంటివి రాసేవారు. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి రాయమంటే చాలాకాలం దాటవేశారు. చివరికి రాశారు. అందులో అలల ఎత్తు లేదు, శవాల లెక్క లేదు. బడి మళ్లీ తెరిచిన రోజున హాజరు పట్టీ తీసి పేర్లు పిలవడం గురించి రాశారు. పలకని పేరు దగ్గర ఆగాలా, ఆగకుండా తరవాతి పేరుకు వెళ్లాలా అన్నది ఆయనకు ఆ రోజు తెలియలేదట. కొన్ని పేర్ల తరవాత పట్టీ మూసేసి, పిల్లలను బయటికి తీసుకెళ్లి కూర్చోబెట్టారట. అదే టపాలో ఒకచోట ఎవరో కుటుంబం తాడిచెట్టును పట్టుకుని బతికిందని రాశారు.

నాలుగు రోజులకు కింద ఒక వ్యాఖ్య వచ్చింది. "మాస్టారూ, అది తాడిచెట్టు కాదండీ, తుమ్మచెట్టు. పట్టుకున్నది మేమే. ముళ్లు దిగిన మచ్చలు నా చేతులకు ఇంకా ఉన్నాయి. దోహాలో ఉంటున్నాను. మీరు పిలిచిన పేర్లలో నాది కూడా ఉందాండీ?" పెదనాన్నగారు దానికి జవాబు తనే టైపు చేస్తానని పట్టుబట్టి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ సాయంత్రమంతా కూర్చున్నారు. అదే టపా కింద తరవాత ఇంకొందరు వచ్చి చేరారు. పడవల గురించి, బావుల్లో ఉప్పునీళ్ల గురించి, తమ ఇంటి గోడకు నీటి మరక ఎంతదాకా ఉండేదో వాళ్లే చెప్పారు. టపాకంటే వ్యాఖ్యలే పెద్దవైపోయాయి. అచ్చులో వచ్చి ఉంటే ఆ చెట్టు తాడిచెట్టుగానే ఉండిపోయేది.

ఇప్పుడా బ్లాగు లేదు. సొంత డొమైన్ పేరు, అంటే తనదైన వెబ్ చిరునామా కొనుక్కుని పెట్టుకున్నారాయన. పోయాక, ఏడాది చందా గడువు అయిపోతోందన్న మెయిళ్లు ఆయన మెయిలుకే వెళ్లాయి. దాని పాస్‌వర్డ్ ఆయనతోనే పోయింది. గడువు దాటాక ఆ పేరును ఇంకెవరో కొనుక్కున్నారు. ఇవాళ ఆ చిరునామా కొడితే ఆన్‌లైన్ పేకాట ప్రకటన వస్తుంది. నేను టైపు చేసిన ఫైళ్లు నా దగ్గర ఉన్నాయి కాబట్టి టపాలు మిగిలాయి. వ్యాఖ్యలు ఒక్కటీ మిగల్లేదు. తుమ్మచెట్టు మాట నేను మీకు నా జ్ఞాపకంలోంచి చెబుతున్నాను.

మీ గ్రంథాలయాలకు సూటిగా సంబంధించిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. 2009 డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించారు. మళ్లీ 23న ఇంకో ప్రకటన. ఆ రెండు వారాల పేపర్లు మీ దగ్గర బైండు చేసి ఉంటాయి. వాటిలో నాయకుల మాటలున్నాయి, బంద్‌లు, రాజీనామాలు ఉన్నాయి. బ్లాగుల్లో వేరే ఉంది. సినిమాల్లో తమ యాసను రౌడీలకీ పనివాళ్లకీ పెట్టడం చిన్నప్పటి నుంచీ ఎలా గుచ్చుకుందో రాసినవాళ్లున్నారు. ఊళ్లో పొలం అమ్మి కూకట్‌పల్లిలో ఫ్లాట్ కొన్నాం, మా గతేంటని భయపడుతూ రాసినవాళ్లున్నారు. అప్పటిదాకా ఒకరి కవితలు ఒకరు మెచ్చుకున్న స్నేహితులు వ్యాఖ్యల్లో తిట్టుకున్నారు. కొందరు మర్నాడు సారీ చెప్పుకున్నారు, కొందరు మళ్లీ మాట్లాడుకోలేదు. ఆ రోజుల చరిత్ర రాసేవాడికి ఇది అక్కర్లేదంటారా?

అన్నీ ఇలాంటి మంచి టపాలేనని నేను అబద్ధం చెప్పను. పనికిమాలినవి బోలెడు. సినిమా గాసిప్పులు, ఎవరిదో కవిత ఎత్తి తన పేరు పెట్టుకున్నవి, కులాల కుమ్ములాటలు. అజ్ఞాత అన్న ముసుగేసుకుని ఆడవాళ్ల బ్లాగుల్లోకి వచ్చి రాసిన రాతల వల్ల కొంతమంది బ్లాగులు మూసుకుని వెళ్లిపోయారు. బాగా రాసేవాళ్లు కూడా. ఎడిటర్ లేకపోవడం వల్ల వచ్చిన మంచిలోనే ఈ చెడూ ఉంది. మనుషుల మీద బురద చల్లినవాటిని నిస్సంకోచంగా వదిలేయండి. మిగతా చెత్త మాటకొస్తే, మీ బైండ్లలో ఉన్న పేపర్లన్నీ ఆణిముత్యాలా ఏమిటి?

గూగుల్ వాడి దగ్గర భద్రంగానే ఉంటాయి కదా అని మీరనొచ్చు. ఉచితంగా ఇచ్చినవాళ్లు ఉచితంగానే మూసేస్తారు. ఊరికే సొంత పేజీలు పెట్టుకోనిచ్చిన జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసేసింది. మైక్రోసాఫ్ట్ తన బ్లాగుల సైటు స్పేసెస్‌ను 2011లో మూసేసింది. బ్లాగుల్లో కొత్తవి తెచ్చి చూపించే గూగుల్ రీడర్ 2013 జులైతో సరి. రెండేళ్లు వాడని ఖాతాలను తీసేస్తామన్న గూగుల్ నిబంధన 2023 డిసెంబరు నుంచి అమలులోకి వచ్చింది. 2006 జులైలో అయితే, ముంబయి రైలు పేలుళ్ల తరవాత కొన్ని పేజీలను ఆపమని కేంద్రం చెబితే, కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు బ్లాగర్‌లో రాసిన బ్లాగులుండే బ్లాగ్‌స్పాట్ మొత్తాన్ని ఏకంగా కొన్ని రోజులు మూసి పెట్టాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచీ వెబ్ పేజీలను దాస్తోంది. మన బ్లాగులూ అందులో కొన్ని ఉన్నాయి. కానీ అక్కడ వెతకాలంటే చిరునామా తెలియాలి. చిరునామాలు చెప్పే మన పేజీలు చాలావరకు మూతపడ్డాయి.

చట్టం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా వంటి గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి చేరాలి. వెబ్‌లో వచ్చే రాతల ఊసు అందులో లేదు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 1996లోనే తమ దేశపు వెబ్ పేజీలు దాచడం మొదలుపెట్టింది. డెన్మార్క్‌లో 2005 నుంచి దీనికి చట్టమే ఉంది. బ్రిటన్‌లో 2013 నుంచి ఇది గ్రంథాలయాల బాధ్యత. మనకు ఢిల్లీలో చట్టం మారేదాకా ఆగాల్సిన పని లేదు. రాసినవాళ్లే తెచ్చిస్తామంటే తీసుకోవడానికి ఏ చట్టం అడ్డు? వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయానికి పరిశోధకులు ఇప్పటికీ వెళ్తున్నారంటే, వందేళ్ల కిందట అక్కడివాళ్లు పాత పేపర్లను పొట్లాలకు అమ్మకుండా దాచిపెట్టబట్టే. వాళ్లనూ ఏ చట్టం ఆదేశించలేదు.

పని పెద్దదేం కాదు. బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ బ్లాగు మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకునే వీలుంది. టపాలు, తేదీలు, వ్యాఖ్యలు అన్నీ అందులో వస్తాయి. బొమ్మలు మాత్రం విడిగా తీసుకోవాలి. వందల టపాలున్న బ్లాగు కూడా బొమ్మలు లేకపోతే కొద్ది ఎంబీలకు మించదు. ఒక జిల్లాలో వచ్చేవన్నీ కలిపినా ఒక్క హార్డ్ డిస్కులో పడతాయి. రెండోది కొని ఇంకో ఊళ్లో పెట్టండి, చాలు. రాసినవారి దగ్గరో, వారు లేకపోతే కుటుంబం దగ్గరో సంతకం తీసుకోండి. మారుపేరుతో రాసినవాళ్ల అసలు పేరు బయటపెట్టకండి, కేటలాగులో కూడా ఆ మారుపేరే ఉండనివ్వండి. తరవాత ఎవరైనా వచ్చి నా టపా తీసేయండంటే తీసేయండి. వ్యాఖ్యలు రాసింది వేరేవాళ్లు కాబట్టి వాటి విషయంలో ఏం చేయాలన్నది మీ న్యాయసలహాదారును అడగండి. దాని కోసం మొత్తం పని ఆపకండి.

మీ రీడింగ్ రూములు ఇప్పుడు గ్రూప్-2, డీఎస్సీ పిల్లలతో కిటకిటలాడుతున్నాయి. చాపలు, కుర్చీలు ఇంటి నుంచి తెచ్చుకుని వరండాల్లో చదువుకుంటున్నారు. వాళ్ల కుర్చీ ఒక్కటి కూడా నేను అడగడం లేదు. ఉన్న కంప్యూటర్లలో ఒకదానిలో ఈ సేకరణ తెరిచి చూసుకునే వీలుంటే చాలు.

బ్లాగు రాసిన మిత్రులు ఈ లేఖ చదువుతుంటే వాళ్లకో మాట. మీ బ్లాగు బ్యాకప్ ఈ రాత్రే తీసుకోండి. గూగుల్ ఖాతా సెట్టింగుల్లో, మనం కొంతకాలం లాగిన్ కాకపోతే మన సమాచారం ఎవరికి అందాలో చెప్పిపెట్టే సదుపాయం 2013 నుంచీ ఉంది. అక్కడ ఇంట్లోవాళ్ల పేరు ఇవ్వండి.

ఇక మీ వంతు. అన్ని జిల్లాల్లో ఒకేసారి అక్కర్లేదు, రాష్ట్రానికి ఒక్క జిల్లాతో మొదలుపెట్టినా చాలు. నెలలో ఒక ఆదివారం, ఒక బల్ల, ఒక ఉద్యోగి, అనుమతి పత్రాల కట్ట. పెదనాన్నగారి టపాలు, నావి, నాకు తెలిసిన మరికొందరివి పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా ఉన్నాయి. ఏ ఊళ్లో, ఏ ఆదివారం, ఎవరికి ఇవ్వాలో ప్రకటించండి, వచ్చి ఇస్తాం. ఇచ్చినట్టు రసీదు మాత్రం ఇప్పించండి.

ఇట్లు,
ఒక పాత బ్లాగరు
హైదరాబాదు